హరికథల క్యాసెట్లకు ఏ గ్రాఫిక్స్ కార్డు?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. ఇరవై ఏళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. చిత్తూరు, పలమనేరు వైపు ఊళ్లలో భారతం ఉత్సవాలు జరిగినప్పుడు మా నాన్నగారు హరికథలు చెప్పేవారు. అవి రెండు వందల దాకా క్యాసెట్లున్నాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, ఏఐతో అక్షరాల్లోకి మార్చి పుస్తకం వేయాలని కోరిక. అను ఫాంట్లలో చేసిన పాత ఫైళ్లు, స్కాన్ చేసిన పాత పుస్తకాలు కూడా చాలా ఉన్నాయి. చాట్‌జీపీటీ లాంటిది నెట్ లేకుండా ఇంట్లోనే నడుస్తుందంటున్నారు, అదీ చూడాలి. మా మేనల్లుడు బీటెక్ మూడో సంవత్సరం, వాడి ప్రాజెక్టుకూ కార్డు కావాలట. బడ్జెట్ 45 వేలు. షాపులో 8 జీబీ లేటెస్ట్ కార్డు తీసుకోమన్నారు. మేనల్లుడేమో ఆన్‌లైన్లో 24 జీబీ టెస్లా పీ40 చవగ్గా దొరుకుతోంది, అదే కొందామంటాడు. బెంగళూరులో వాడి ఫ్రెండు వాడేసిన ఆర్‌టీఎక్స్ 3090 కార్డు ఇస్తానంటున్నాడు. నా సిస్టం తొమ్మిదో తరం ఐ5, 16 జీబీ ర్యామ్, కరెంటు సరఫరా చేసే 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్, జీటీ 710 కార్డు. ఏది కొనమంటారు? పాత కార్డును ఏం చేయాలి?

జవాబు: ఎన్‌విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీ రకం. బడ్జెట్‌ను ఇంకాస్త సాగదీయగలిగితే ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, 16 జీబీ రకం. ఇంత మాత్రం చాలనుకుంటే ఇక్కడే ఆపేయొచ్చు. కానీ మీ ఉత్తరం చూస్తే, కార్డు కన్నా ముందు తేల్చుకోవాల్సినవి కొన్ని కనబడ్డాయి.

మీరు రాసిన పనుల్లో రెండింటికి గ్రాఫిక్స్ కార్డుతో సంబంధమే లేదు. అను ఫాంట్ల ఫైళ్లను, ఎక్కడైనా తెరుచుకునే యూనికోడ్‌లోకి మార్చడం కన్వర్టర్ పని. ఇప్పుడున్న సిస్టం మీదే క్షణాల్లో అవుతుంది, ఆ తర్వాత ఒత్తులు, వట్రసుడులు ఎక్కడ చెదిరాయో చూసుకోవడానికే టైం పడుతుంది. స్కాన్ పేజీలను అక్షరాల్లోకి మార్చడానికి ఎక్కువమంది వాడే టెసరాక్ట్ కూడా ప్రాసెసర్ మీదే నడుస్తుంది. 2018లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి అందులో న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతి ఉంది, తెలుగు ఉంది, ఖర్చు లేదు. లక్ష రూపాయల కార్డు పెట్టినా దానికి ఒరిగేదేమీ ఉండదు. 300 డీపీఐకి తగ్గకుండా, పేజీ వంకర లేకుండా స్కాన్ చేస్తే మాత్రం ఫలితంలో తేడా కళ్లకు కనబడుతుంది.

ఇక క్యాసెట్లు. మీ ఉత్తరంలో అసలు సంగతి ఇదే, కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుతాను. ఇక్కడ ఆలస్యమయ్యేది టేప్ రికార్డర్ దగ్గర. కార్డు ఎంత మంచిదైనా అరవై నిమిషాల క్యాసెట్ కంప్యూటర్లోకి ఎక్కాలంటే అరవై నిమిషాలు పాడాల్సిందే. రెండు వందల క్యాసెట్లంటే రెండు వందల గంటలు. రోజుకు రెండు చొప్పున, ఒక్క రోజూ మానకుండా ఎక్కించినా మూడు నెలలు దాటుతుంది. అందుకే కార్డు కోసం ఆగకండి, ఈ పని రేపే మొదలుపెట్టండి. దీనికి జీటీ 710 కూడా అక్కర్లేదు.

ఎక్కించే ముందు ప్రతి క్యాసెట్‌నూ ఒకసారి చివరిదాకా ముందుకు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. ఏళ్ల తరబడి కదలని టేపు చుట్టలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. రికార్డర్ హెడ్‌ను బడ్స్‌తో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. బడ్ మీద గోధుమరంగు మరక రావడం ఆగేదాకా తుడవాలి. రికార్డర్‌కు లైన్-అవుట్ ఉంటే అక్కడి నుంచి కంప్యూటర్ వెనకున్న నీలం రంగు లైన్-ఇన్ సాకెట్లోకి వైరు వేయండి. గులాబీ రంగుది మైక్ సాకెట్. అందులో పెడితే నాన్నగారి గొంతు పగిలిపోయినట్టు వినబడుతుంది. ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాంలో రికార్డ్ చేసేటప్పుడు లెవెల్ మీటర్ మైనస్ 6 డెసిబెళ్లు దాటకుండా చూడండి. హరికథలో కథ మెల్లగా నడుస్తూ ఉండగానే జనం ఒక్కసారిగా గోవిందా అని అరుస్తారు, మీటరు అక్కడే ఎర్రబడుతుంది. ఎంపీ3గా కాకుండా వేవ్ ఫైలుగానే దాచండి. స్టీరియోలో గంటకు సుమారు 635 ఎంబీ, అన్నీ కలిపి 127 జీబీ. మోనో చాలనుకుంటే అందులో సగం. అంటే కార్డు కన్నా ముందు మీరు కొనాల్సింది ఒక హార్డ్ డిస్కు. ఒకటి కాదు, రెండు. రెండోది మరో ఇంట్లో ఉండాలి.

అక్షరాల్లోకి మార్చే పనికి మాత్రం గ్రాఫిక్స్ కార్డు నిజంగా పనికొస్తుంది. ఓపెన్‌ఏఐ 2022 సెప్టెంబరులో విడుదల చేసిన విస్పర్ మోడల్‌కు తెలుగు వచ్చు. దాని పెద్ద రకానికి సుమారు 10 జీబీ, మధ్య రకానికి 5 జీబీ మెమరీ కావాలని వాళ్లే చెప్పారు. ఫాస్టర్-విస్పర్ అనే ప్రోగ్రాంతో నడిపితే పెద్ద రకానికి కూడా అందులో సగం చాలు. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ బృందం భారతీయ భాషల కోసం ప్రత్యేకంగా చేసి ఉచితంగా వదిలిన మోడళ్లున్నాయి, తెలుగుకు అవి కూడా తప్పక చూడాలి.

కానీ ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ధర్మరాజుల గుడి ముందు, హారన్ మైకులో, మద్దెల తాళాల మధ్య చెప్పిన కథ ఇది. వచనం ఉన్నచోట మోడల్ ఓ మాదిరిగా పట్టుకుంటుంది. పద్యం అందుకోగానే తడబడుతుంది, మధ్యలో సంస్కృత శ్లోకమో అరవ మాటో వస్తే ఇక దాని ఇష్టం. ఉత్త వాయిద్యం మోగుతున్నప్పుడు ఎవరూ అనని మాటలు పుట్టిస్తుంది, ఒకే వాక్యాన్ని వరసగా పదిసార్లు రాస్తుంది. మాటలు లేని చోట్లను వదిలేసే సెట్టింగ్ ఒకటుంది, అది ఆన్ చేస్తే ఈ గోల కొంత తగ్గుతుంది. అయినా చివరికి మీరే కూర్చుని, విని, దిద్దుకోవాలి. పెద్ద కార్డు కొంటే తప్పులు తగ్గవు, ఆ తప్పులే తొందరగా వస్తాయి.

అందుకే డబ్బు తీసే ముందు ఒక పరీక్ష చేయండి. గూగుల్ కోలాబ్‌లో ఖర్చు లేకుండానే టీ4 అనే 16 జీబీ కార్డు కాసేపు వాడుకోవచ్చు. ఒక మంచి క్యాసెట్, ఒక గరగరలాడే క్యాసెట్ ఎక్కించి విస్పర్‌కు ఇప్పించండి. మేనల్లుడికి అది ఒక సాయంత్రం పని. వచ్చిన పేజీని దిద్దడానికి ఎంతసేపు పట్టిందో, మీరే విని మొదటి నుంచి టైప్ చేస్తే ఎంత పడుతుందో పోల్చుకోండి. మీది ఇరవై ఏళ్ల టైపింగ్ చెయ్యి. మీరే గెలిచినా నాకు ఆశ్చర్యం లేదు. అలాంటప్పుడు క్యాసెట్ల పేరు చెప్పి కార్డు కొనక్కర్లేదు, ఇంట్లో చాట్ మోడల్ నడపడానికి, మేనల్లుడి ప్రాజెక్టుకు కావాలో వద్దో చూసుకుంటే చాలు.

ఇప్పుడు ఇంట్లో నడిచే చాట్‌జీపీటీ సంగతి. ఇక్కడ కార్డు ఎంత కొత్తదన్నది తర్వాతి మాట, మోడల్ మొత్తం కార్డు మెమరీలో పట్టాలి. గూగుల్ 2025 మార్చిలో విడుదల చేసిన జెమ్మా 3 అనే చాట్ మోడల్లో 1,200 కోట్ల పారామీటర్ల (మోడల్ నేర్చుకుని దాచుకున్న అంకెల) రకం ఒకటుంది. ఒక్కో పారామీటర్‌కు రెండు బైట్ల చొప్పున అసలు రూపంలో 24 జీబీ. ఇళ్లల్లో వాడేవాళ్లు దాన్ని నాలుగు బిట్లకు కుదించి వాడతారు, అప్పుడు సుమారు 8 జీబీ. దీనికి తోడు మీరు అడిగిన ప్రశ్న, అది చెప్పిన జవాబు గుర్తుంచుకోవడానికి మరికొంత చోటు కావాలి. తెలుగు దగ్గర ఈ మరికొంత ఇంగ్లీషు కన్నా ఎక్కువే. కంప్యూటర్ అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరం ఒక్కోటి కనీసం మూడు బైట్లు, చాలా మోడళ్లు తెలుగు మాటను ఇంగ్లీషు మాట కన్నా ఎక్కువ ముక్కలుగా నరికి చదువుతాయి. అందువల్ల అదే పొడవు పేరాకు మెమరీ ఎక్కువ తింటుంది, జవాబూ నెమ్మదిగా వస్తుంది.

షాపువాళ్లు చెప్పిన 8 జీబీ కార్డు ఇక్కడే తేలిపోతుంది. అది పాడు కార్డని కాదు. 5060 అయినా 4060 అయినా ఆటలకు బాగుంటాయి, కరెంటు తక్కువ తాగుతాయి. మోడల్ పట్టకపోయినప్పుడు విండోస్‌లో ఎర్రర్ వస్తుందనుకుంటారు. చాలాసార్లు రాదు. ఎన్‌విడియా డ్రైవర్ మిగిలిన భాగాన్ని గుట్టుచప్పుడు కాకుండా మామూలు ర్యామ్‌లోకి నెట్టేస్తుంది. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) మీద నొక్కితే, డెడికేటెడ్ మెమరీ గీత పైకప్పును తాకి ఉంటుంది, దాని కింద షేర్డ్ మెమరీ గీత లేవడం మొదలవుతుంది. అది లేచిందంటే స్పీడు పడిపోయినట్టే. మోడల్ ఒక్కో ముక్క రాయడానికి తన పారామీటర్లన్నిటినీ ఒకసారి చదువుకోవాలి. 3060 మెమరీ సెకనుకు 360 జీబీ చదువుతుంది, మీ ఐ5 పక్కనున్న డీడీఆర్4 ర్యామ్ రెండు స్టిక్కులున్నా 42 జీబీ మించదు. ఎనిమిదిన్నర రెట్లు తేడా. 8 జీబీ మోడల్ 3060లో పూర్తిగా పడితే లెక్క ప్రకారం సెకనుకు 45 ముక్కల దాకా రావచ్చు, నిజంలో కొంత తక్కువ. అదే మోడల్ పూర్తిగా ర్యామ్‌లో నడిస్తే ఐదు.

2021 ఫిబ్రవరిలో వచ్చిన 3060ని నేను పట్టుకు వేలాడేది ఈ లెక్క వల్లే. 5060 టీఐ 16 జీబీ రకమైతే సెకనుకు 448 జీబీ, మెమరీ కూడా ఇంకో నాలుగు జీబీ ఎక్కువ. అది అన్నివిధాలా మెరుగే, కానీ మీ 45 వేలలో కార్డుతో పాటు మరికొన్ని పట్టాలి. ఈ రెండు పేర్ల దగ్గరా ఒక మోసం కాని మోసం ఉంది. 3060లో 8 జీబీ రకం ఉంది, 5060 టీఐలోనూ 8 జీబీ రకం ఉంది. డబ్బా మీద పేరు అదే. బిల్లులో మోడల్ పేరుతో పాటు ఎన్ని జీబీలో, సీరియల్ నంబరెంతో రాయించుకోండి.

టెస్లా పీ40 గురించి మేనల్లుడితో కాస్త గట్టిగానే మాట్లాడండి. 24 జీబీ అన్నది నిజమే. కానీ అది సర్వర్ల కోసం చేసిన కార్డు. దానికి ఫ్యాను లేదు. సర్వర్ పెట్టెలోని పెద్ద ఫ్యాన్లు గాలి తోస్తాయన్న నమ్మకంతో ఉత్త అల్యూమినియం రెక్కలతో వదిలేశారు. 250 వాట్లు తాగే ఆ కార్డును మే నెలలో, బయట నలభై డిగ్రీలు దాటినప్పుడు, కొర్లగుంటలో మామూలు క్యాబినెట్లో పెడితే నిమిషాల్లో వేడెక్కి తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది. మానిటర్ తగిలించడానికి సాకెట్ లేదు. పవర్ కేబులు కూడా మామూలు గ్రాఫిక్స్ కార్డులది కాదు, ప్రాసెసర్‌కు ఇచ్చే ఎనిమిది పిన్నుల రకం. పైగా కార్డు మీద ఏఐ ప్రోగ్రాంలు నడిపే సాఫ్ట్‌వేర్ కుడా, 2025లో వచ్చిన దాని 13వ వెర్షన్ నుంచి ఆ తరం కార్డులకు ఎన్‌విడియా సపోర్టు తీసేసింది. ఫ్యాను తగిలించి, పాత వెర్షన్లు వెతికి, బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) తంటాలు పడి నడిపించేవాళ్లున్నారు. వాళ్లకు ఆ తంటాలే సరదా. మీకు కావాల్సింది పుస్తకం.

3090 అలా తీసిపారేసేది కాదు. 24 జీబీ, సెకనుకు 936 జీబీ. ఇంటి పనికి ఇప్పటికీ దానికి పేరుంది. అయితే 350 వాట్లు తాగుతుంది, ఎన్‌విడియా 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెట్టమంటుంది, పొడవు ఒక అడుగు దాటుతుంది. మీ క్యాబినెట్లో ముందువైపు హార్డ్ డిస్కుల అర అడ్డం వచ్చే అవకాశమే ఎక్కువ. 2020 సెప్టెంబరులో వచ్చిన కార్డు కాబట్టి, 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టోకరెన్సీ మైనింగ్ ఆగిపోయేదాకా ఎన్నో కార్డులు రాత్రింబవళ్లు నడిచాయి. దాని మెమరీ చిప్పుల్లో సగం కార్డు వెనకవైపు ఉంటాయి, అక్కడే వేడి ఎక్కువ. ఫ్రెండు కార్డు కాబట్టి ఒక మాటడగొచ్చు: ముందు అతని సిస్టంలోనే అరగంట ఫుల్ లోడ్‌తో నడిపి మెమరీ టెంపరేచర్ చూపించమనండి. ఒరిజినల్ బిల్లుందా, స్క్రూలు విప్పిన గుర్తులున్నాయా చూడండి. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం నకిలీ కార్డును పట్టిస్తుంది. ముక్కూ ముఖం తెలియని వాళ్ల దగ్గర కొనేటప్పుడు అది లేకుండా డబ్బివ్వకూడదు. ఇవన్నీ సరిపోయినా, కొత్త ఎస్‌ఎంపీఎస్, బహుశా కొత్త క్యాబినెట్ ఖర్చు కలుపుకుంటే మీ బడ్జెట్లో అది కుదరదనే నా అంచనా.

ఏఎండీ, ఇంటెల్ ఎందుకు చెప్పలేదని మేనల్లుడు అడుగుతాడు. ఏఎండీ 9060 ఎక్స్‌టీలో 16 జీబీ రకం ఉంది, చాట్ మోడళ్లు నడపడానికి బాగానే ఉంటుంది. కానీ కాలేజీ ప్రాజెక్టులో వాడి లెక్చరర్ ఇచ్చే కోడు, నెట్లో దొరికే నూటికి తొంభై సలహాలు కుడా మీద రాసినవే, కుడా ఎన్‌విడియాది. మధ్యలో ఎక్కడో ఆగిపోతే ఇద్దరూ తలపట్టుకుంటారు. ఇంటెల్ బీ580 12 జీబీ కార్డు మీ బోర్డుకే నప్పదు. ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి చూడగలిగే రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేకపోతే దాని స్పీడు బాగా పడిపోతుంది, ఇంటెల్ దాన్ని అధికారికంగా పదో తరం నుంచే అడుగుతుంది.

మీ 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌ను మార్చండి. 3060 తాగేది 170 వాట్లే, అందులో మదర్‌బోర్డు స్లాటు 75 ఇస్తుంది, మిగతాది ఎనిమిది పిన్నుల కేబులు నుంచి రావాలి. ఎన్‌విడియా చెప్పేది 550 వాట్లు, 5060 టీఐకి 600. మంచి కంపెనీ 650 వాట్లది తీసుకుంటే రెండింటికీ సరిపోతుంది. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ అయితే మీద రాసిన వాట్లను నమ్మకండి. యూపీఎస్ 600 వీఏ అయితే అసలు సామర్థ్యం సుమారు 360 వాట్లు. కార్డు ఫుల్ లోడ్‌లో ఉండగా కరెంటు పోతే సేవ్ చేసుకుని ఆపేటంత టైమే ఇస్తుంది. అది చాలు.

కరెంటు బిల్లు గురించి మీరు అడగలేదు, నెల తిరిగాక మీ ఇంట్లోవాళ్లు అడుగుతారు. సిస్టం మొత్తం 300 వాట్ల చొప్పున రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే 2.4 యూనిట్లు, నెలకు 72. యూనిట్ రేటు శ్లాబును బట్టి పెరుగుతుంది కాబట్టి, ఇప్పటికే ఇంటి వాడకం 225 దగ్గరుంటే ఈ 72 మొత్తం పై శ్లాబులో పడతాయి. అక్కడ యూనిట్ 8.75 రూపాయలనుకుంటే 630 రూపాయలు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్‌ను ముప్పావు వంతుకు దించండి. స్పీడు తగ్గేది కొద్దిగా, వేడి తగ్గేది బాగా. ఎండాకాలం ముందు ఒకసారి క్యాబినెట్ మూత తీసి ఫ్యాన్ల మీద దుమ్ము ఊదించండి.

ఎక్కడ కొనాలంటే, చెన్నై రిచీ స్ట్రీట్‌లో రెండు వేలు తక్కువని తెలిసినా నేనైతే తిరుపతిలోనే కొంటాను. మెమరీ చిప్పుల ధరలు 2025 చివరి నుంచి ఎగబాకుతున్నాయి, కార్డుల రేట్లూ నిలకడగా లేవు, కాబట్టి నాలుగు షాపుల్లో, ఆన్‌లైన్లో ఒకే రోజు రేటు అడిగి పోల్చండి. తేడా చిన్నదైతే, చెడిపోయినప్పుడు స్కూటర్ మీద వెళ్లి కౌంటర్ ముందు నిలబడగలిగే షాపే మేలు. జీఎస్టీ బిల్లు లేకుండా ఎంత తగ్గిస్తామన్నా వద్దు, వారంటీ దాంతోనే ముడిపడి ఉంటుంది.

మేనల్లుడి ప్రాజెక్టుకు 12 జీబీ చాలు. బొమ్మల్లో వస్తువులు గుర్తించే మోడళ్లు, చిన్న మోడళ్లకు సొంత డేటాతో శిక్షణ ఇవ్వడం హాయిగా అవుతాయి. అంతకన్నా పెద్ద పని పడితే క్యాగిల్ అనే వెబ్‌సైటులో వారానికి సుమారు 30 గంటలు కార్డును ఉచితంగా వాడుకోనిస్తారు, అక్కడ చేసుకోమనండి. కొత్త కార్డులో ఆటలు కూడా బాగా ఆడుకోవచ్చు. ఈ సంగతి వాడికి మీరు చెప్పక్కర్లేదు.

జీటీ 710ని తీసేయండి. రెండూ పెట్టుకుందామనుకోవద్దు. అది కెప్లర్ అనే పాత తరం కార్డు, దానికి 470 వరసలోని పాత డ్రైవరే దిక్కు. 3060 మీద ఇప్పటి ఏఐ ప్రోగ్రాంలు నడపాలంటే కొత్త డ్రైవర్ కావాలి, అది జీటీ 710ని నడపదు. మీ ఐ5 పేరు చివర ఎఫ్ అక్షరం లేకపోతే ప్రాసెసర్లోనే గ్రాఫిక్స్ ఉంటుంది. మానిటర్ కేబులును కార్డుకు కాకుండా మదర్‌బోర్డు సాకెట్‌కే పెట్టండి, బయోస్‌లో లోపలి గ్రాఫిక్స్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. డెస్క్‌టాపు, బ్రౌజరు తినే కొన్ని వందల ఎంబీలు కార్డులో మిగిలిపోతాయి. జెమ్మా లాంటి మోడల్‌కు 12 జీబీలో ఆ మాత్రం చోటు కూడా అక్కరకొస్తుంది.